గన్నులో వచ్చే గాలి

పెంచలయ్య ఆ బస్సు రేకుల్ని మూడోసారి గీకి రంగు కొట్టాడు. మూడోసారీ అదే అయింది.

కొట్టిన అయిదు నిమిషాల దాకా రంగు అద్దంలాగే ఉండేది. ఆ తర్వాత కళ్ళముందే అక్కడొకటి ఇక్కడొకటి గుంటలు తేలేవి. చూస్తూ చూస్తూ ఉండగానే రేకు పొడుగునా అమ్మవారు పోసినట్టయ్యేది.

రంగు మార్చి చూశాడు. రంగులో కలిపే తిన్నరు మార్చి చూశాడు. రంగు చిమ్మే గన్ను కూడా కొత్తది తెచ్చాడు. జానెడు దూరం తప్పలేదు. చెయ్యి ఒంకర పోలేదు. ఒక వరస మీద సగం రెండో వరస పడేట్టు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే కొట్టాడు. అయినా గుంటలే.

"ఎల్లుండికి బస్సు రోడ్డెక్కకపోతే మిగతా పదకొండు బస్సులూ వేరే షెడ్డుకి పోతాయి" అని బస్సు యజమాని, ట్రావెల్స్ ఆయన, చెప్పేసి వెళ్ళిపోయాడు.

ఇక అడగాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. అక్కడికి వెళ్ళడానికే పెంచలయ్యకి కాళ్ళు రావడం లేదు.

ఆ మనిషి ఉస్తాద్ మౌలాలి. నెల్లూరు లారీ షెడ్లలో ముప్ఫై ఏళ్ళు ఆయన చేతికి ఎదురు లేదు. పెంచలయ్య తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు, ఆయన క్యారేజీలోనే అన్నం తిన్నాడు.

నాలుగేళ్ళ కిందట ఒక డాక్టరుగారి కారు తలుపు రంగు మిగతా కారుతో కలవలేదు. ఇదేమిటని డాక్టరుగారు అడిగితే, పక్కనున్న పెంచలయ్య గొంతు తగ్గించి చెప్పాడు: "ఉస్తాదుకి ఈమధ్య కళ్ళు ఆనడం లేదు సార్. పెద్దాయన గదా, మేమెవరమూ పైకి అనడం లేదు."

ఆ రంగు కలిపింది పెంచలయ్యే.

మాట వారం తిరక్కుండా షెడ్లన్నీ చుట్టేసింది. వచ్చినవాళ్ళు పెంచలయ్య చేతే కొట్టించమని అడగడం మొదలుపెట్టారు. ఏడాదికి పెంచలయ్య సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆ మరుసటేడు ఉస్తాదు షెడ్డు మూతపడింది. ఇప్పుడాయన రమణయ్య షెడ్డులో రోజు కూలికి, రేకుల సొట్టలు పూడ్చిన లప్పం రుద్దుతున్నాడు. చేత్తో తడిమి చేసే పని. కళ్ళతో పెద్దగా అవసరం లేదని రమణయ్య ఇచ్చాడు.

పెంచలయ్య వెళ్ళేసరికి ఆయన గొంతుక్కూర్చుని ఒక లారీ తలుపు మీద తడిపిన గరుకు కాగితం రుద్దుతున్నాడు.

"రా అబ్బయా" అన్నాడు, నిన్నటిదాకా కలిసి పని చేసినట్టే.

పెంచలయ్య సంగతంతా చెప్పాడు. ఉస్తాదు కాగితం పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని వెంట నడిచాడు.

షెడ్డులోకి వచ్చాక బస్సు వంక చూడనైనా చూడలేదు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"గన్నుకి రంగు డబ్బా తీసెయ్. దీని మీద ఉత్త గాలి కొట్టు."

"ఎంతసేపు ఉస్తాద్?"

"నేను చాలనేదాకా."

పెంచలయ్య మీట నొక్కాడు. బుస్సుమని గాలి తువ్వాలుకి తగులుతూనే ఉంది. రెండు మూడు నిమిషాలయ్యాక "చాలు" అని, తువ్వాలు పెంచలయ్య ముందు చాపాడు ఉస్తాదు.

"ఏముందో నువ్వే చూసి చెప్పు. నాకు కళ్ళు ఆనవు గదా."

ఈ నాలుగేళ్ళలో ఆ మాట వాళ్ళిద్దరి మధ్యకి రావడం అదే మొదలు. పెంచలయ్య వంగి చూశాడు. తువ్వాలు మధ్యలో అరచేతి మేర చెమ్మ. దాని చుట్టూ పసుప్పచ్చ మరక.

"నూనె... నూనె, నీళ్ళు."

"రంగులో ఉందా?"

"లేదు ఉస్తాద్. గాలితో పాటే వస్తా ఉంది."

"రంగు మంచిదే. చెయ్యీ మంచిదే, నేను నేర్పిందే గదా. దాన్ని మోసే గాలి ఎట్లాంటిదో ఎప్పుడన్నా చూసుకున్నావా?"

ఆయన వంగి, గన్నుకి గాలి పంపే కంప్రెసరు ట్యాంకు కింది మర తిప్పాడు. గోధుమ రంగు నీళ్ళు జిడ్డు తెట్టెతో బుడబుడా కారి నేల మీద మడుగు కట్టాయి.

"నా షెడ్డులో రోజూ పొద్దున్నే దీన్ని ఎవరు తిప్పేవాళ్ళు?"

పెంచలయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళూ తను వచ్చేసరికి కంప్రెసరు కింద నేల తడిగానే ఉండేది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

"మీరే ఉస్తాద్."

ఆయన మరకపడ్డ తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తెప్పించిన టీ అట్లాగే చల్లారిపోయింది.

పెంచలయ్య కంప్రెసరు విప్పి అరిగిన రింగులు మార్చాడు, గొట్టానికి నీళ్ళు ఆపే గిన్నె బిగించాడు. నాలుగోసారి కొట్టిన రంగు మీద ఒక్క గుంట లేదు. ట్రావెల్స్ ఆయన రేకు మీద మొహం చూసుకుని మురిసిపోయాడు. మిగతా బస్సులూ పంపుతానన్నాడు.

పెంచలయ్యకి ఆ మాట చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే రమణయ్య షెడ్డుకి వెళ్ళి ఉస్తాదు పక్కన కూర్చున్నాడు.

"ఆ డాక్టరుగారి కారు రంగు కలిపింది నేనే ఉస్తాద్" అన్నాడు, ఆయనకి మాత్రమే వినపడేట్టు.

"తెలుసు."

"మరి ఆ రోజే అనలేదే?"

"నువ్వు అంటావేమోనని చూశా."

పెంచలయ్య తల వంచుకున్నాడు. "మన్నించండి. నా షెడ్డుకి వచ్చేయండి. మీ పేరే పెడతా."

ఉస్తాదు లారీ తలుపు మీద వేలు పెట్టి చూపించాడు. కింది అంచు తుప్పు తినేసి ఉంది.

"దీని మీద మంచి రంగు కొడితే నిలుస్తుందా?"

"నిలవదు ఉస్తాద్."

"మరేం చెయ్యాల?"

"గీకాల."

"ఎందాకా?"

పెంచలయ్య చుట్టూ చూశాడు. రమణయ్య, నలుగురు పెయింటర్లు, ఇద్దరు లారీ డ్రైవర్లు టీ తాగుతూ నిలబడి ఉన్నారు. ఉస్తాదుకి కళ్ళు ఆనడం లేదన్న మాటని అప్పట్లో షెడ్డు షెడ్డుకీ మోసినవాళ్ళు.

"రేకు బయటపడేదాకా" అన్నాడు లోగొంతుకతో.

"గట్టిగా చెప్పబ్బయా."

టీ తాగేవాళ్ళు తలలు తిప్పారు. పెంచలయ్య వాళ్ళ వైపు తిరగకుండా, తలుపు అంచు తుప్పుని గోటితో గీకసాగాడు.

ఉస్తాదు టీ తాగేవాళ్ళ వంక ఒకసారి, పెంచలయ్య వంక ఒకసారి చూశాడు. తర్వాత కాగితం నీళ్ళలో ముంచుకుని తలుపు రుద్దుకోసాగాడు.