గుమ్మంలో చాప

అనగనగా ఒక రాజు. కథలకు తేదీలుండవంటారు గానీ దీనికుంది. మార్చి పదకొండు, మంగళవారం, తెల్లవారినప్పటి నుంచీ సన్నటి వాన. ఆ రోజు బైజాంటియం రాజుగారి పడకగది గుమ్మంలో అనాతోలు అనే ముసలి ఉద్యోగి నడుం పట్టుకుని లేచాడు.

ఆయన ఉద్యోగం ఏమిటంటే, పిల్లలూ, రాజు నిద్రపోతుంటే గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకోవడం. అంతేనా అనకండి. ఆయన్ని దాటితే గాని రాజును చూడలేరు గనక మంత్రులూ సేనాపతులూ ముందు ఆయనకే దణ్ణం పెట్టేవారు. మా కాలేజీలో చరిత్ర మాస్టారు ఆ పదవి పేరు గ్రీకులో పలకబోయి, మధ్యలో ఆగి మంచినీళ్లు తాగారు. సరే, అది వేరే సంగతి. ముగ్గురు రాజులు ఆయన కాపలాలో హాయిగా నిద్రపోయారు. ఆయన మాత్రం ఒక్కరోజూ కంటినిండా నిద్రపోలేదు.

"ఇక సెలవిప్పించండి ప్రభూ. నా ఇంట్లో, నా మంచం మీద పడుకుంటాను," అన్నాడు మూడో రాజుతో.

"మూడు పనులు చేసిపెట్టు తాతా, తర్వాత నీ ఇష్టం," అన్నాడు కుర్రరాజు.

తిరగబడ్డ సేనాపతిని మాటలతో దారికి తెచ్చాడు. ఒకటి. అలిగి మఠానికి పోయిన రాజమాతను బతిమాలి తెచ్చాడు. రెండు. ఇక మూడోది. రాజు పెళ్లాడవలసిన థెక్లా రాకుమారిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడొక మాంత్రికుడు. వాణ్ణి చంపి ఆమెను తేవాలి. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది.

అనాతోలు చాప చుట్టి చంకలో పెట్టుకుని ఓడెక్కాడు. ఏడు సముద్రాలూ దాటాడు.

అక్కడొక దీవిలో, తన ఇంట్లో, మాంత్రికుడు చిలక పంజరం ఒళ్లో పెట్టుకుని, ఎర్రటి కళ్లతో కూర్చునున్నాడు. చిలకను ఎవరెత్తుకుపోతారోనని నూరేళ్లుగా వాడికీ నిద్రలేదు.

"ఎవడ్రా నువ్వు?"

"గుమ్మంలో పడుకునేవాణ్ణి. నువ్వు కాసేపు నిద్రపో. నేనుంటాను."

మాంత్రికుడికి అనుమానించే ఓపిక కూడా లేదు. అక్కడే ఒరిగి గురక పెట్టాడు.

"తాతా, ఇదే అదను! చిలక మెడ నులిమెయ్," అంది మూలనున్న థెక్లా గుసగుసగా.

"కానియ్యి తాతా, నాకూ విసుగొచ్చింది," అంది చిలక.

అనాతోలు పంజరంలో చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశాడు.

"నన్ను నమ్మి నిద్రపోయినవాడికి ఇంతవరకూ కీడు జరగలేదమ్మా. ఇప్పుడు నా చేత్తో నేనే ఎలా చేసేది?"

"వీడు లేచి నా వెంట పడితే?"

"గుమ్మంలో నేనున్నంతకాలం లేవడు. నువ్వు ఓడెక్కు."

"మరి నీ ఇల్లు? నీ మంచం?"

ఆయన గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకున్నాడు. ఆ గుమ్మం దాటడానికి వచ్చేవాళ్లు ఆ దీవిలో ఎవరున్నారు గనక? ఓడ కనుమరుగు కాకముందే లోపలొక గురక, గుమ్మంలో ఒక గురక. చిలక ఒక్కతే మేలుకుని కాపలా కాసింది.

థెక్లాకూ రాజుకూ పెళ్లయింది. తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. తిరిగిరాని అనాతోలు ఇల్లు మఠానికి దక్కింది, ద్రాక్షతోటలు రాజుకు, ఉంగరం సేనాపతికి, ఏనాడూ పడుకోని ఆ మంచం వంటమనిషికి. రాజుగారి గుమ్మంలోకి కొత్తగా వచ్చిన ఉద్యోగికి మాత్రం ఏమీ దక్కలేదు. చాప కూడా లేదు. వట్టి రాతి మీదే పడుకున్నాడు.