తెరచాప తెలుపు

"గురువుగారూ, కొందరికి ఎంత నేర్పినా బొమ్మ రాదెందుకండీ?" అని అడిగాడు చిదంబరం.

రాజమండ్రిలో పెద్దవాళ్ళ కోసం నీటిరంగుల వర్క్‌షాప్ నడిపి వారం కిందటే వచ్చాడతను. పంతులుగిరీ కొత్త, ఉత్సాహం మెండు. పేరిశాస్త్రి గారికి ప్రశ్నలకు మాటలతో జవాబు చెప్పే అలవాటు లేదు. "ఎవరికి రాలేదు?" అని మాత్రం అడిగారు.

సత్యవేణి అనే ఆవిడకి. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ గోదావరి మీద తెల్లవారడం చూసేదట. ఉద్యోగం అయిపోయాక దాన్ని తన చేత్తో ఒక్కసారి వెయ్యాలని ఆశ. ఆ ఆశతోనే అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చుంది. "నీటిరంగుల్లో తెల్లరంగు వాడం. తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలెయ్యాలి. రంగు తగిలిందా, ఇక ఆ తెలుపు తిరిగి రాదు" అని చిదంబరం చెబితే, పడవ తెరచాప మేర ఊపిరి బిగపట్టి మరీ కాగితం వదిలింది. చూస్తుండగానే ఆకాశం రంగు అందులోకి పాకింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పాకింది. కాగితం పీచు లేచి, పొద్దుపొడుపు కాస్తా మురిక్కాలవ అయింది.

చివరి రోజున చిదంబరం ఆవిడని ఓదార్చాడు. "బాధపడకండమ్మా. కొందరికి వెయ్యడం రాసిపెట్టి ఉంటుంది, కొందరికి చూసి ఆనందించడం." ఆ మాట ఎంత చక్కగా కుదిరిందో అని తనకే ముచ్చటేసి, తాను వేసి చూపించిన బొమ్మను ఆవిడ చేతిలో పెట్టాడు కూడా.

అంతా విని గురువుగారు, "సామాన్లు ఎవరు కొన్నారు?" అన్నారు.

"నేనేనండి. కొట్లో దగ్గరుండి ఏరాను."

ఏరడంలో అతనికి వంక పెట్టడానికి లేదు, తన మట్టుకు తనకి. కాగితాన్ని వెలుగుకెత్తి చూశాడు, వేలితో మీటి చూశాడు, నూలుగుజ్జుతో చేసిన దళసరి రకం తీసుకున్నాడు. కుంచెను నీళ్ళలో ముంచి విదిలించి, మొన నిలిచేదాకా కొట్టువాణ్ణి వదల్లేదు. నేర్చుకునేవాళ్ళ వంతు వచ్చేసరికి, "పాడుచేసే చేతులకి ఇవి చాల్లే" అని పల్చటి డ్రాయింగ్ షీట్లు ఒక కట్ట కట్టించాడు. నిర్వాహకులు ఖర్చుకి వెనకాడలేదు, వెనకాడింది ఇతని చెయ్యే. బొమ్మల పంతుళ్ళలో ఇదొక పాత ఆచారం. చెడ్డ కాగితం మీద గెలిచినవాడికే మంచి కాగితం దక్కాలట! వినడానికి నవ్వొస్తుంది గాని, ఆ కాగితాల ముందు తలవంచుకుని లేచి వెళ్ళిపోయినవాళ్ళను తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

"మిగిలిన కాగితం పట్రా" అన్నారు గురువుగారు. చిదంబరం తన దళసరి కాగితం తెచ్చాడు.

"ఇది కాదు, వాళ్ళకిచ్చింది. దాని మీద ఆ తెరచాప నువ్వు వెయ్యి."

చిదంబరం నవ్వుతూ కూర్చున్నాడు. తెరచాపకు చోటు వదిలి ఆకాశం తడిపాడు. రంగు తెరచాపలోకి పాకింది. ఇంకో షీటు తీసుకున్నాడు. అదీ అంతే. మూడోది చినిగింది. విసురుగా కుంచె కింద పెట్టి, "ఇది తడికి ఆగదండీ! ఎవరు వేసినా ఇంతే!" అన్నాడు.

"ఈ ముక్క ఆవిడకి చెప్పావా?"

చిదంబరం మొహంలో నెత్తురు చుక్క లేదు. తన దళసరి కాగితమంతా చుట్టి చంకన పెట్టుకుని, మర్నాడే సత్యవేణి ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఎదుట గోడకి అతనిచ్చిన బొమ్మ, అద్దం కట్టించి వేలాడుతోంది. "మీరన్నట్టే పొద్దున్నే లేచి చూసి ఆనందిస్తున్నానండీ" అంది. రంగులూ కుంచెలూ ఎదురింటి పిల్లలకి ఇచ్చేసిందట.

చిదంబరం తడబడుతూ, తప్పు ఆవిడ చేతిది కాదనీ, కాగితానిదనీ, ఆ కాగితం ఏరింది తానేననీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, జాలిగా నవ్వింది.

"నా మనసు కష్టపెట్టకూడదని ఇంత దూరం వచ్చారు. ఆసుపత్రిలో మేమూ చెప్పేవాళ్ళం బాబూ, ఇలాంటివి. ఈ కాగితం మీరే ఉంచుకోండి. మీ చేతిలో అయితే పనికొస్తుంది."

చుట్ట విప్పకుండానే తిరిగొచ్చాడు. గురువుగారు అరుగు మీద కుంచెలు కడుక్కుంటున్నారు.

"నిజం చెబితే నమ్మలేదండీ ఆవిడ" అన్నాడు చిదంబరం. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఆయన తలెత్తలేదు. "నీ పెట్టెలో తెల్లరంగు ఉందా?"

"లేదండి. నీటిరంగుల్లో వాడం కదా."

"మరి దేంతో దిద్దుతావు?" అన్నారు పేరిశాస్త్రి గారు.