గేజు నిండుగానే ఉంది

"తాతాజీ! ఓ తాతాజీ! ఎక్కడ దాక్కున్నావురా? ఇటొచ్చి దీని గొంతు ఒకసారి విను!"

తెల్ల కారు షెడ్డు ముందు ఆపి, అద్దంలోంచి తల బయటపెట్టి సత్యవేణి కేకేసింది. వెనకాల ట్రాక్టరు చక్రం దగ్గర కూర్చున్న తాతాజీ మొదటి పిలుపే విన్నాడు. అయినా లేవలేదు. ఆ కారు గొంతు మారిన సంగతి అతనికి ఆమెకన్నా ముందే తెలుసు. ఇప్పుడది బస్టాండు మలుపు తిరుగుతుండగానే వినపడుతోంది. లోపలెవరో చిక్కుకుపోయి గోరుతో తలుపు తడుతున్నట్టు, ఒకటే టకటక.

ఇక తప్పక వచ్చి, ఇంజన్ ఆపించి, బోనెట్ ఎత్తాడు. ఆయిల్ గేజు బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. పైగీత దాకా ఉంది.

"చూడక్కా, నిండుగానే ఉంది" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

"మీ బావ మళ్లీ ఆయిలు మార్పించాడా?"

"ఆఁ."

"నా మీద లేకపోయినా బండి మీదైనా ఉంది మనసు. సంతోషం" అంది సత్యవేణి. విసురుగానే అంది గానీ, పక్కకి తిరిగి జడ ముడేసుకుంటూ తనలో తను నవ్వుకుంది. పొద్దుటి ఎండ కిటికీ రెక్క మీద పడి పోయినట్టు, చిన్న నవ్వు. ఆ నవ్వు కోసమే తాతాజీ అబద్ధమాడుతున్నాడు. ఇవాళ మాత్రం ఆ నవ్వు వంక చూడకుండా బోనెట్ దించేశాడు.

అబ్బులూ సత్యవేణీ మొగుడూ పెళ్లాలు. ఆ కారు ఇద్దరి కష్టం. పొద్దుట బడి పిల్లల్ని ఆమె దించుతుంది. మధ్యాహ్నం నుంచి అతను తోలుతాడు, సాయంత్రం అదే పిల్లల్ని ఇళ్లకు చేరుస్తాడు. జంగారెడ్డిగూడెంలో ఆ కారు తెలియని వీధి లేదు. కిందటి వేసవిలో అబ్బులు మేనమామ ఇంట పెళ్లయింది. భోజనాల పందిట్లో ఎవరో, "ఏరా అబ్బులూ, మీ ఇంట్లో స్టీరింగు ఆవిడదీ, హారను నీదీనా?" అన్నారు. పందిరంతా నవ్వింది. అబ్బులు కూడా నవ్వాడు. సత్యవేణి విస్తరి ముందు నుంచి లేచి, కారు తీసుకుని, అటునుంచటే వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు. మధ్యాహ్నం ఆమె కారు తెచ్చి షెడ్డులో పెట్టి, తాళం మేకుకి తగిలించి వెళ్తుంది. ఆమె వీధి దాటిందని రూఢి చేసుకున్నాక గానీ అతను రాడు.

మాటల్లేవు గానీ కారులో ఏవో ఉండేవి. ఆమెకి నీలం రంగు ఇష్టమని అబ్బులు సీట్లకి నీలం కవర్లు వేయించాడు. ఓ రోజు అద్దానికి సన్నజాజులు వేలాడగట్టాడు. ఆమె పల్చటి మజ్జిగలో అల్లం నలగ్గొట్టి వేసి, సీసా అతని చేతికందేచోట పెట్టిపోయేది. తాతాజీ ఇవన్నీ చూసేవాడు. ఇంకా ఎవర్నీ ప్రేమించలేదు గనక లోకంలోని ప్రేమలన్నీ తనవే అనుకునే వయసు. ఒక మధ్యాహ్నం ఆ కారులో ఆయిలు తగ్గి కనిపిస్తే, డబ్బా అడుగున మిగిలింది తనే పోశాడు. అబ్బులు వచ్చి చూసుకుని, "నిండుగా ఉందేంట్రా బామ్మర్దీ, ఆయిలెవరు మార్పించారు?" అన్నాడు. "అక్క" అన్న మాట తాతాజీ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అబ్బులు గేజు చేత్తో పట్టుకుని, లోపల పెట్టడం మరిచిపోయి, ఆమె వెళ్లిన దారివంక చూస్తూ నిలబడిపోయాడు. గేజు కొసన వేలాడిన చుక్క అతని చొక్కా మీద పడింది. అదీ చూసుకోలేదు. మర్నాడు సత్యవేణి అడిగినప్పుడు తాతాజీ "బావ" అన్నాడు.

ఆ తర్వాత తగ్గినప్పుడల్లా తాతాజీ పోస్తూనే ఉన్నాడు. పాతదంతా దింపి మార్చాలంటే, కింద మనిషి దిగి పనిచేసే గోతి మీదికి బండి ఎక్కించాలి, షెడ్డు నడిపే గురువుగారి కంటపడాలి, అసలు సంగతి బయటపడుతుంది. గేజు నిండుగానే ఉంది కదా అనుకున్నాడు. ఇద్దరి మొహాలూ కూడా నిండుగానే కనిపించేవి మరి.

ఇవాళ ఆ టకటక విన్నాక అతని ధైర్యం జారిపోయింది. నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

ఏసుపాదం మేస్త్రి అడిగినదానికి జవాబు చెప్పే మనిషి కాదు. ఎందుకండీ అంటే చేతికి పానా ఇస్తాడు. ఎలాగండీ అంటే గోతిలోకి దిగమంటాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఏలూరు దాకా షెడ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లలో ఎవరికీ ఆయన కూర్చోబెట్టి ఒక్క పాఠం చెప్పినట్టు గుర్తు లేదు.

"గురువుగారూ, ఇంజన్ ఆయిలు ఎంతకోసారి మార్చాలండి?"

మేస్త్రి చేతిలో పని ఆపి చూశాడు. అది షెడ్డులో కొత్తగా చేరినవాడు అడిగే ప్రశ్న. తాతాజీ బండి విప్పకుండానే రోగం చెప్పగలడు.

"బండితోపాటు పుస్తకమిస్తారుగా. అందులో ఉంటుంది."

"కిలోమీటర్ల లెక్క ఉంటుందండి. ఎక్కువ తిరక్కపోయినా ఏడాదికోసారన్నా మార్చాలనీ, ఊళ్లో ఆగి ఆగి తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలనీ ఉంటుందండి."

"తెలిసినదాన్ని నన్నెందుకు అడిగావు?"

తాతాజీ నేల చూపులు చూశాడు. బయట సత్యవేణి, మేస్త్రికి కూడా వినిపిద్దామని, కారు మళ్లీ స్టార్టు చేసింది. మేస్త్రి తల కొంచెం వంచి ఆ చప్పుడు విన్నాడు. తర్వాత శిష్యుడి మొహం చూశాడు. మళ్లీ చప్పుడు విన్నాడు.

"గోతి మీదికి ఎక్కించమను. అబ్బులుకి ఫోన్ చెయ్యి, ఇప్పుడే రమ్మని."

"ఆయనెందుకండీ ఇప్పుడు? నేను వెళ్లిపోయాక వస్తారుగా ఎలాగూ" అంది సత్యవేణి.

"బండి ఇద్దరిదీ కదమ్మా. పైగా వేడి మీదుంది. ఇప్పుడైతే అంతా కిందికి దిగుతుంది. చల్లారనిస్తే లోపలే పట్టుకుని కూర్చుంటుంది."

అబ్బులు ఎవరిదో మోటారు సైకిలు వెనక ఎక్కి వచ్చాడు. భార్యని చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. "పని కానివ్వండి మేస్త్రిగారూ, నేను టీ తాగొస్తాను" అన్నాడు.

"టీ ఇక్కడికే తెప్పిస్తాను. వచ్చి బండి పక్కన నిలబడు."

కారుకి అటు ఆమె, ఇటు అతను. కింద గోతిలో తాతాజీ, చేతిలో పానా. అక్కణ్నించి అతనికి మనుషులు కనపడరు, పాదాలే కనపడతాయి. ఎడమవైపు సత్యవేణి మడమ పగిలిన పాదాలు, కుడివైపు అబ్బులు తోలు చెప్పులు. రెండు జతలూ చెరోవైపుకి తిరిగి ఉన్నాయి.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పాత ఆయిలు దించే డ్రెయిన్ బోల్టు విప్పేవాడు, విప్పే ముందు, కిందటిసారి ఆ బండికి ఆయిలు మార్పించింది ఎవరో అందరికీ వినపడేలా పైకి చెప్పాలి. చెప్పకుండా విప్పితే మేస్త్రి ఆ పని ఒప్పుకోడు. ఎందుకీ పద్ధతని ఎవరూ అడగలేదు. అడిగినా లాభం లేదు.

"చెప్పి విప్పరా" అన్నాడు మేస్త్రి, గోతి అంచున గొంతుక్కూర్చుని.

తాతాజీ పానా బోల్టుకి తగిలించి, మళ్లీ తీశాడు.

"వాడికేం తెలుసండి, ఈవిడ మార్పించింది" అన్నాడు అబ్బులు, మేస్త్రి వైపు తిరిగి.

"నేనా! నేనెప్పుడు మార్పించాను? ఆయన మార్పించారు కదా!"

ఇన్ని నెలల తర్వాత వాళ్లిద్దరి మాటలూ ఒకదానికొకటి తగిలాయి. తగిలి ఆగిపోయాయి. తాతాజీ కళ్లు మూసుకున్నాడు.

"ఎవరూ మార్పించలేదు. నేనే... పైపైన పోస్తూ వచ్చాను. అక్కకి బావ పేరు చెప్పాను, బావకి అక్క పేరు చెప్పాను. మీ మొహాలు చూసి... మీరిద్దరూ మళ్లీ..." మాట పూర్తవకుండానే చెయ్యి బోల్టు విప్పేసింది.

ఆయిలు ధారగా రాలేదు. పాకం ముదిరిన బెల్లంలా, నల్లగా, ముద్దలుగా జారింది.

"ఓరి నీ... ఆ బండిలో పిల్లలుంటార్రా!" అని అరిచాడు అబ్బులు. "ఇంజను పట్టేసి నడిరోడ్డు మీద ఆగిపోతే? వెనక లారీ ఉంటే?"

సత్యవేణి అరవలేదు. "నాకు చెప్పాల్సింది తాతాజీ" అంది. ఆ మెత్తటి మాటకే అతనికి ఏడుపొచ్చింది.

మేస్త్రి ఆ నల్లముద్దని వేలి కొసన తీసుకుని, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. "ఇంజను ఇంకా బతికే ఉంది. లోపల కడిగి, ఫిల్టరు మారిస్తే తిరుగుతుంది. మంచి ఆయిలే పోశావురా తాతాజీ. పాతదాని మీద పోశావు."

పైన సత్యవేణి నవ్వింది. ఇందాకటి నవ్వు కాదు. "అయితే ఈ పెద్దమనిషి ఇన్నాళ్లూ ఆయిలు మార్పించిందే లేదన్నమాట. నేనే పిచ్చిదాన్ని, మురిసిపోయాను."

"నువ్వు మాత్రం మార్పించావా? గేజు చూసి నేనూ మురిసిపోయాను."

"కవర్లు మార్చడం తెలుసు, పూలు కట్టడం తెలుసు. అసలుది అడగండి, అది మాత్రం తెలీదు."

"ఏంటా అసలుది?"

"మీకు తెలీదా?"

తాతాజీ తల ఎత్తి చూశాడు. ఎడమవైపు పాదాలు గేటువైపు తిరిగాయి. ఒకడుగు వేశాయి. ఇంకో అడుగు. అంతా తనవల్లే పాడైపోయిందనుకున్నాడు. పైకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపుదామని గోతి మెట్టు మీద కాలు పెట్టాడు. మేస్త్రి మాట్లాడకుండా అరచేత్తో అతని తల మీద మెల్లిగా నొక్కాడు.

"ఆ రోజు నాకు నవ్వు రాలేదు, వేణీ."

అబ్బులు గొంతు అంత చిన్నగా ఉండగలదని తాతాజీ అనుకోలేదు.

"నవ్వకపోతే నన్ను కూడా ఆడిపోసుకుంటారని భయపడ్డాను. నువ్వు లేచెళ్లిపోతున్నా నవ్వుతూనే కూర్చున్నాను. నువ్వు తోలుతుంటే పక్కన కూర్చోవడమంటే నాకెంత ఇష్టమో ఆ పందిట్లో ఒక్కడికీ చెప్పలేకపోయాను. తప్పు నాదే. కవర్లు వేయించినప్పుడూ, పూలు కట్టినప్పుడూ ఇదే చెబుదామనుకున్నాను."

గేటు దగ్గర పాదాలు ఆగాయి. తర్వాత వెనక్కి తిరిగి, నెమ్మదిగా, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, కుడివైపుకి వచ్చాయి.

కింద జారేది సన్నబడి చుక్కలైంది. పైవాళ్ల మాటలు వినకూడదేమోనని తాతాజీకి సిగ్గేసింది. తొందరగా పని ముగిద్దామని బోల్టు అందుకుని, రంధ్రంలో పెట్టి తిప్పబోయాడు.

మేస్త్రి గోతిలోకి వంగి గుసగుసగా అన్నాడు:

"అప్పుడే బిగించకురా. ఇంకా దిగుతోంది."