శూలపాణి గారి గుండు, పేట పెద్ద వీధి

స్వామిని ఒక్కసారి తలుచుకుని దగ్గరగా జరగండి పిల్లలూ. వెనకున్న వాళ్ళకీ వినపడాలి కదా!

అనగనగా ఒక అడవిలో ఒక పేట. పేటన్నాక పెద్ద వీధి ఉంటుంది, పెద్ద వీధన్నాక గోల ఉంటుంది. వీధికి ఇవతల సంత, కొండ దారి. అవతల ఇళ్ళు, వాగు. కాబట్టి తెల్లారితే అందరూ ఆ వీధిలోనే. అడవిపందులు దుంపల బళ్ళు లాక్కుంటూ దూసుకుపోయేవి. కుందేళ్ళు వెదురు సైకిళ్ళ మీద బళ్ళ సందుల్లోంచి వంకర్లు తిరిగేవి. తాబేళ్ళు, ఎక్కువ ఎగరలేని కముజు పిట్టలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కాలినడకన దాటేవి.

ఆ వీధి బాగోగులు చూసే పెద్ద శూలపాణి గారు. ఆయనొక ఏదుపంది. ఒంటి నిండా పొడవాటి ముళ్ళు. మంచివారే. పూజ కానిదే మంచినీళ్ళు ముట్టరు. ఒక్కటే లోపం. తనకి తెలియనిదేదీ లోకంలో లేదనుకునేవారు.

ఆ ఏడు వీధిని తవ్వి కొత్తగా కట్టాలనుకున్నారు. ముందుగా కూర్మావతమ్మ వచ్చింది. పేటలో అందరికంటే పెద్ద తాబేలు.

"నాయనా, వీధి మధ్యలో ఆ పాత రాయి ఉంది చూడు, దాని పక్కన ఆగి ఊపిరి తీసుకుంటున్నాను కాబట్టి బతికున్నాను. అలాంటివి ఇంకో రెండు వేయించు" అంది.

తర్వాత బుల్లెయ్య అనే కుందేలు వచ్చాడు. మోకాలికి ఆకు కట్టు. "అయ్యగారూ, సైకిళ్ళకి విడిగా ఇంత దారి ఇప్పించండి. ఎటు చూసినా బళ్ళే!"

ఆఖరికి బళ్ళ పెద్ద వరహాల్రావు కూడా వచ్చాడు. అతనో అడవిపంది. "వీళ్ళు నా చక్రాల కింద దూరుతున్నారు సార్. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఏదో ఒకటి చేయండి."

శూలపాణి గారు లేచారు. "పదండి, ఆ రద్దీ ఏమిటో నేనే చూస్తా."

ఆయన వీధిలో అడుగు పెట్టారో లేదో, బళ్ళన్నీ ఇటు జరిగాయి, సైకిళ్ళన్నీ అటు జరిగాయి. కముజు పిట్టలు ఎగిరి గోడెక్కాయి. ముళ్ళు గుచ్చుకుంటే ఎవరికి సరదా? ఆయన ఈ చివర నుంచి ఆ చివర దాకా దర్జాగా నడిచారు. వెనక వీధి మళ్ళీ మూసుకుపోయింది. వెనక్కి చూసే అలవాటు ఆయనకి లేదు.

"ఎక్కడయ్యా రద్దీ?" అన్నారు. "ఇంత ఖాళీ వీధి ముల్లోకాల్లో ఉందా? నడిచేవాళ్ళకి పక్కన అంచులు అనవసరం. మధ్యలో రాయి అనవసరం. మొత్తం వెడల్పు చేయించి బళ్ళకి ఇచ్చేస్తా. నడిచేవాళ్ళు నాలాగే మధ్యలోంచి నడుస్తారు!"

తర్వాత్తర్వాత ఆయనే చెప్పుకుని నవ్వేవారు. "నాకిచ్చే మర్యాదనుకున్నాను. ముళ్ళకి భయమని తట్టలేదు. ఒంటి మీదే కాదు, బుర్రలో కూడా మొలిచినట్టున్నాయి."

రాయి లేచిపోయింది. అంచులు పోయాయి. వీధి నున్నగా తయారైంది. బళ్ళు ఇంకా జోరందుకున్నాయి.

ఇదిలా ఉండగా, శూలపాణి గారింట ఎన్నాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. "ఒక్క నలుసునివ్వు స్వామీ, నా ముళ్ళన్నీ నీకే" అని ఆయన ఎప్పుడో మొక్కుకున్నారు. బారసాల నాటి పొద్దున్నే కొండకి బయల్దేరారు.

ఆయన భార్య పేరిందేవి గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఏవండీ, పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది మీరే. కొంగ శాస్త్రిగారు పెట్టిన ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది. మళ్ళీ ఎన్నాళ్ళకో! పేరు లేకుండా పిల్లని ఏమని పిలవను?"

"ఓసి పిచ్చిదానా, దారి ఎవరు కట్టించారనుకున్నావు? ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా!"

కొండ మీద మంగలి కోతి ముళ్ళన్నీ తీసేసింది. శూలపాణి గారు నున్నటి ఒంటికి గంధం పూసుకుని, దణ్ణం పెట్టుకుని, ప్రసాదం మూట పట్టుకుని దిగొచ్చారు. ఒళ్ళంతా చల్లగా, తేలిగ్గా ఉంది. ఎప్పటిలాగే వీధి మధ్యలోకి నడిచారు.

"ఎవర్రా అది! తొక్క తీసిన కందగడ్డ రోడ్డెక్కింది!" అని అరుస్తూ ఒక బండి చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

ఆయన ఎగిరి వెనక్కి పడ్డారు. మళ్ళీ లేచి, "జరగండి! నేను శూలపాణిని!" అన్నారు.

"అయితే నేను ఐరావతాన్ని!" అని ఇంకో బండి వెళ్ళిపోయింది.

మూడోసారి బుల్లెయ్య సైకిల్ వెనకెక్కారు. రెండు బళ్ళ మధ్య సైకిల్ ఇరుక్కుంది. ఇద్దరూ ప్రసాదంతో సహా వీధికి ఇవతలున్న కాలవలో పడ్డారు.

"అయ్యగారూ, రోజూ ఇంతేనండి. ఇవాళ నయం, పక్కన ముళ్ళు లేవు" అన్నాడు బుల్లెయ్య.

తడిసి ముద్దయి ఒడ్డెక్కితే, అక్కడ కూర్మావతమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక తాబేళ్ళూ, పిల్లలతో కముజు పిట్టలూ.

"మీరంతా ఎక్కడికమ్మా?"

"నీ కూతురి బారసాలకే నాయనా. పొద్దుటే పూలకని సంతకొచ్చి, ఇటే చిక్కుకుపోయాం. రాయి ఉంటే ఈపాటికి పాయసం తాగేవాళ్ళం."

శూలపాణి గారు తలెత్తి చూశారు. వీధికి అవతల మామిడాకుల తోరణం కనిపిస్తోంది. సన్నాయి వినిపిస్తోంది. పేరిందేవి పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడి దారి చూస్తోంది.

ఆయన వీధి మొదట్లో నిలబడి గట్టిగా అరిచారు. "బాబూ వరహాల్రావూ! ఈ వీధిని పాడు చేసిన మహా మేధావిని నేనేనయ్యా!"

వరహాల్రావు తలతిప్పి చూశాడు. "శూలపాణి గారా? శూలాలేవి సార్?"

"స్వామికిచ్చేశాను. తెలివి కూడా వాటితోనే పోయినట్టుంది. నేను కట్టించిన దారి దాటలేక నేనే కాలవలో పడ్డాను!"

వరహాల్రావు ముందు మూతి బిగపట్టాడు. తర్వాత ఆపుకోలేక బండి ఆపేసి పకపకా నవ్వాడు. వెనక బళ్ళు ఆగాయి.

"ఏమైందిరా ముందర?"

"శూలపాణి గారు గుండుతో తనని తానే తిట్టుకుంటున్నారు!"

"ఆగండాగండి, మేమూ వింటాం!"

వీధి అంతా ఆగింది. శూలపాణి గారు మధ్యకి వచ్చేశారు. నాలుగు గెంతులేస్తే ఇల్లు. కాలు ఎత్తారు కూడా. అప్పుడు వెనక చిన్న చప్పుడు వినిపించింది. ఆయన వెనక్కి తిరిగి చూశారు. కూర్మావతమ్మ వీధిలోకి దిగింది. ఒక్కో అడుగూ వేస్తోంది. ఆమె వెనక మిగతా వాళ్ళు. తను వెళ్ళిపోతే నవ్వు ఆగుతుంది. నవ్వు ఆగితే బళ్ళు కదులుతాయి.

ఎత్తిన కాలు ఆయన అక్కడే దించారు.

"ఇంకా వినండి! అంచులెందుకన్నాను. ఇవాళ కాలు మోపి నిలబడటానికి అంచు కోసం పొర్లి పొర్లి వెతికాను!"

బళ్ళవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

"మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది, మీ పక్కన నడవలేకపోతున్నానండీ అని. అది నా హోదా అనుకున్నాను!"

కూర్మావతమ్మ ఇంకా సగం దూరంలోనే ఉంది. శూలపాణి గారికి మాటలైపోయాయి. "ఇన్ని వెధవ పనులు చేసిన వాడికి చెప్పుకోవడానికి కరువొస్తుందనుకోలేదు" అన్నారు దీనంగా. దానికీ నవ్వారు.

అవతల నుంచి కొంగ శాస్త్రిగారి కేక. "ముహూర్తం దాటిపోతోందమ్మా!"

పేరిందేవి ఇంక ఆగలేదు. పిల్లనెత్తుకుని చరచరా వీధి మధ్యకి వచ్చేసింది. "ఇక్కడే చెప్పండి పేరు" అంది. నవ్వులన్నీ ఆగిపోయాయి. పసిపిల్ల చెవిలో పేరు పడే వేళ కదా, ఒక్క చక్రమూ కదల్లేదు.

శూలపాణి గారు పిల్లని భుజానికెత్తుకున్నారు. ముళ్ళుంటే ఇలా ఎత్తుకునేవారా? చెవి దగ్గర నోరు పెట్టి, "అలివేలూ" అన్నారు. స్వామి దేవేరి పేరు. పిల్ల ఆయన గుండు మీద చెయ్యేసి నవ్వింది. అప్పటికి కూర్మావతమ్మ అవతలి గట్టెక్కింది.

మర్నాడే శూలపాణి గారు వీధి తిరగగీశారు. ఇరువైపులా అంచులు, సైకిళ్ళకి విడిగా బాట, మధ్యలో బళ్ళకి దారి, దాటేవాళ్ళు ఆగడానికి రాళ్ళు.

"మా దారి తగ్గించారేంటి సార్?" అని గొణిగాడు వరహాల్రావు.

"నీ చక్రాల కింద ఎవరూ దూరకపోతే నీకు ఆగే పనేముంది?"

అలాగే అయింది. అరిచే అవసరం పోయి, వరహాల్రావు కూనిరాగాలు మొదలెట్టాడు. అది ఇంకో బాధ అనుకోండి!

"ఎందుకండీ అంత తొందర? తిండైనా తిని గీయండి" అని పేరిందేవి అంటే, ఆయన అన్నారట. "ముళ్ళు మొలిచే లోపు అయిపోవాలే. మొలిచాయంటే ఈ వీధి నాకు మళ్ళీ ఖాళీగా కనిపిస్తుంది."

ఆ తర్వాత వీధి సంగతి ఎప్పుడు వచ్చినా ఆయన ముందు కొండకెళ్ళి గుండు చేయించుకునేవారు, తర్వాతే నోరు విప్పేవారు. ఎంత భక్తో అని పేటంతా మెచ్చుకునేది.

"సగం భక్తి, సగం భయం" అనేవారు శూలపాణి గారు. "భయం స్వామంటే కాదు, నేనంటే."

నీతి: పదిమంది నడిచే దారి గీసేవాడు ముందు తన ముళ్ళు తీసేసి ఆ దారిలో నడిచి చూడాలి.