అడుగు తెగిన అక్షరాలు

కనకమహాలక్ష్మి గారికి ఒక అలవాటుంది. విశాఖపట్నంలో ఏడుగురితో నడిచే ఆవిడ ఆఫీసులో ఫోన్లకు ఆప్‌లు తయారు చేస్తారు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని మనవాళ్ళకో పట్టింపు ఉంది కదా, దాన్ని ఆవిడ తనకు కావలసినట్టు వాడుకున్నారు. మంగళవారం పొద్దున మొదటి గంట ఎవరూ కొత్తగా ఒక్క ముక్క కూడా రాయకూడదు. ఎవరెవరో రాసి లోకానికి ఉచితంగా ఇచ్చిన కోడ్ ముక్కలను ప్రతి ఆప్‌లోనూ వాడుకుంటారు, వాటినే లైబ్రరీలంటారు. వాటికి కొత్త వెర్షన్లు వచ్చాయేమో చూసి, ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకుని, ఆప్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవాలి. ఆ గంటంతా అదే పని. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి మేడమ్ అనే పిలుస్తారు కానీ, పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళు మనసులో గురువుగారనే అనుకుంటారు.

ఆ గంటంటే తవిటినాయుడికి ఒళ్ళుమంట. చేరి ఏడాదైంది. చురుకైనవాడు, చేతిలో పని ఊరికే ఉండనివ్వడు, నోరు అసలే ఊరుకోదు. ఒక మంగళవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"చక్కగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకండీ, మేడమ్? కాలేజీలో ఉన్నప్పుడు మా నాన్న కోసం ఒక ఆప్ చేశాను. మూడేళ్ళయింది, వేలు పెట్టలేదు. ఈరోజుకీ ఒక్కసారి ఆగలేదు."

వాళ్ళ నాన్న అప్పలస్వామి తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. గుండెల మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని పాడుతూ గంటల తరబడి గెంతే ఆట అది. బృందం పాటలన్నీ నాయుడు చేసిన ఆ ఆప్‌లోనే ఉంటాయి, కొత్తవి వాళ్ళే అందులో ఎక్కించుకుంటారు. పద్నాలుగుమందీ అందులో చూసుకునే సాధన చేస్తారు.

మేడమ్ వాదించలేదు. "అయితే ఇవాళ నాన్నగారికి ఫోన్ చెయ్యి. అందులో ఆయనకి ఇంకేమైనా కావాలేమో కనుక్కో. ఈ వారం నీ పని అదే" అన్నారు. జీతమిచ్చి ఇంటిపని చేసుకోమంటున్నారని నాయుడు లోలోపల తెగ సంబరపడ్డాడు.

అప్పలస్వామికి కావలసింది ఒకటే. "అచ్చరాలు కాసింత పెద్దయి సెయ్యరా నాయుడా. సూపు ఆనడం లేదు. శనివారం నర్సీపట్నంలో ఆట ఉంది, కొత్త పాట ఇంకా నోటికి రాలేదు."

"ఈలోగా కాయితమ్మీద పెద్దగా రాసి పంపీమంటావా నాన్నా?"

"మా గుంటడు సేసినాడని ఊరూరా సెప్పుకున్నాను. ఇప్పుడు కాయితం పట్టుకుని కూకుంటే నవ్వరేటి?"

గంట పని అనుకున్నాడు నాయుడు. అక్షరాలు పెద్దవి చేసే వీలు ఒక లైబ్రరీ కొత్త వెర్షన్‌లోనే ఉంది. ఆ కొత్తది పాతవాటితో పొసగనంది. సరేనని పక్కదాన్ని మార్చాడు, అది ఇంకో రెండింటిని మార్చమంది. ఆ రెండూ మరో ఐదింటి పేర్లు చెప్పాయి. బుధవారం మధ్యాహ్నానికి చిర్రెత్తుకొచ్చి, ఉన్న ముప్ఫై ఒక్క లైబ్రరీలనూ ఒక్క దెబ్బతో మార్చేశాడు. తెర నిండా ఎర్రగీతలు, మొత్తం నూట ఎనభై ఆరు తప్పులు. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఆగని ఆప్ ఇప్పుడు తెరుచుకోనే లేదు. తండ్రి ఊరూరా చెప్పుకున్న గొప్ప తన చేతుల్లోనే మట్టిలో కలిసేలా ఉందనిపించింది నాయుడికి. తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండా వెళ్ళి మేడమ్ ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నీ ఒకేసారి మార్చావా?"

"అవునండీ."

"ఎలా ఉన్నవి అలా వెనక్కి పెట్టు. ఒక్కటి మార్చు, నడిపి చూడు. ఏం మార్చారో ఆ లైబ్రరీ రాసినవాళ్ళు ఓపిగ్గా రాసిపెడతారు, అది చదువు. అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్ళు. ముందు అన్నం తిను."

నాయుడు ఆ రాతలు అంతవరకు ఎన్నడూ చదివినవాడు కాదు. మొదట్లో తప్పదని చదివాడు, పోనుపోను కుతూహలంతో చదివాడు. ఎవరో ఆలస్యానికి క్షమాపణ చెప్పుకున్నారు, ఇంట్లో కవలలు పుట్టారట. ఒకాయన ఇక తనవల్ల కాదని సెలవు తీసుకుంటూ, ఫలానావారిది బాగుంటుంది వాడుకోండని దారి చూపించి మరీ వెళ్ళాడు. ముఖాలు తెలియని మనుషులు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుంటున్నారు. ఒక్కో మెట్టే ఎక్కుతుంటే ఎర్రగీతలు రెండో మూడో వచ్చేవి, సర్దుకుని పోయేవి. గురువారం సాయంత్రానికి ఇరవై ఆరోది చేతికొచ్చింది. దాని కింద రాసిన రెండు వాక్యాల దగ్గర నాయుడు ఆగిపోయాడు. తెలుగు, కన్నడ అక్షరాల అడుగుభాగం తెర మీద తెగిపోతోందని ఎవరో చెప్పారట, ఆ లోపం సరిచేశామని ఉంది. తేదీ చూస్తే రెండేళ్ళ నాలుగు నెలల కిందటిది.

ఆ లోపం నాయుడికి బాగా తెలుసు. ఆప్ చేసిన కొత్తలో అక్షరాల కింద ఒత్తులు సగానికి తెగి కనిపిస్తుంటే వారం రోజులు తల బాదుకుని, చివరికి "ఫోన్లో తెలుగు ఇంతే నాన్నా" అని తేల్చేశాడు. కొడుకు చదువుకున్నవాడు కదా, తండ్రి నమ్మాడు. అప్పటినుంచీ పద్నాలుగుమందీ తెగిన అక్షరాలను పోల్చుకుని చదువుకుంటున్నారు, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నాయుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త ఆప్ తండ్రి ఫోన్‌కు చేరింది. పది నిమిషాల్లో అప్పలస్వామి నుంచి ఫోన్.

"ఒరే నాయుడా! ఒత్తులు దిగినాయిరా! ఏనుగు గున్నల్లాగ ఉన్నాయి ఒక్కొక్కటీను!" అని అరిచి, మారుమాట లేకుండా కొత్త పాట ఎత్తుకున్నాడు. వెనకనుంచి బృందం అందుకుంది. నాయుడు ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. తప్పెట్ల మోతకు ఆఫీసులో బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఆఫీసు లెక్కలు చూసే, వాటిలోంచి ఎప్పుడూ తల ఎత్తని సుగుణ కూడా గెంతింది. మేడమ్ కుర్చీలోంచి లేవలేదు కానీ, బల్ల మీద ఆవిడ వేళ్ళు ఊరుకోలేదు.

పాట అయ్యాక నాయుడు ఆయాసపడుతూనే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఒత్తులు సరిచేసింది ఎవరో మహానుభావుడండీ, పేరు కూడా సరిగ్గా తెలీదు. ఒక్కటే బాధ, మేడమ్. ఆయన సాయం మా నాన్నకి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది."

కనకమహాలక్ష్మి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆలస్యంగా రాలేదు నాయుడూ. అది ఎప్పుడో వచ్చింది. నువ్వు తలుపు తీసింది నిన్న."