ఎర్ర బండి ఆయాసం

అనగా అనగా, రాజులు గుర్రాలు దిగి కార్లు ఎక్కుతున్న కాలంలో, మణిగిరి అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. దాన్ని వీరకేతుడనే రాజు ఏలేవాడు.

ఆ రాజుగారి తల్లికి ఒకటే కోరిక. ఊరి వెనకున్న మబ్బుకొండ ఎక్కి, అవతలి సముద్రాన్ని ఒక్కసారి చూడాలి. ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవు. పల్లకీ మోసే బోయీలు సగం దారిలో కూలబడ్డారు. కోటలో ఉన్న కార్లు నిటారు మలుపు దగ్గర వెనక్కి జారాయి.

రాజు దేశదేశాలూ వెతికించి, ఇటలీ నుంచి ఓడలో ఒక పాత పరుగుల కారు తెప్పించాడు. మందారపువ్వు ఎరుపు. నేలకు ఆనుకుని, దూకబోయే పిల్లిలా ఉండేది. అలాంటివి లోకం మొత్తం మీద ఏడే మిగిలాయట.

దాని పొట్టలో టర్బో అని ఒక చిన్న చక్రం ఉంది. బండి వదిలే పొగే ఆ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగి, కొలిమితిత్తిలాగా ఇంజనులోకి గాలి ఊదుతుంది. దాంతో బండికి ఎక్కడలేని బలం వస్తుంది. తను వదిలిన ఊపిరే తనకు బలం. ఎంత వింతో చూడండి.

బండితో పాటు ఒక పెట్టెలో రెండు విడి టర్బో చక్రాలు, ఒక పుస్తకం వచ్చాయి. "జాగ్రత్త ప్రభూ, ఇలాంటి చక్రాలు ఇక ఎవరూ చేయరు" అని ఓడ సరంగు చెప్పి వెళ్లాడు. పుస్తకం ఇటలీ భాషలో ఉంది. చదివేవాళ్లు లేరు. ఎంతైనా పుస్తకం సరస్వతి కదా, పసుపు కుంకుమ పెట్టి, పట్టుగుడ్డ చుట్టి, దేవుడి గదిలో ఉంచారు. ఎవరూ తెరవలేదు.

అమ్మగారిని ఎక్కించే ముందు ఎవరైనా బండి నడిపి చూపాలన్నాడు రాజు. మొదట పందేలు గెలిచిన రణధీరుడు వచ్చాడు. వక్క నమిలినంత సేపట్లో కొండెక్కి దిగాడు. కోట ముందు తాళం తిప్పి ఆపేసి, ఒక్క దూకు దూకి మెడ వంచి దండ వేయించుకున్నాడు.

పక్కనే కాశీం నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు రాజుగారి గుర్రాలు చూసుకున్నవాడు. ఇప్పుడు గడ్డి లారీ నడుపుతున్నాడు.

"అన్నా, బండి ఇంకా రొప్పుతోంది. కాసేపు ఆపకుండా ఉంచాల్సింది."

"ఇది గుర్రం కాదు సాబూ, ఇటలీ బండి. సాయంత్రం దీనికి ఉలవలు కూడా పెడతావా ఏంటి?" అన్నాడు రణధీరుడు. అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున తాళం తిప్పితే బండి కీచుమంది. నీలంగా పొగ కక్కింది. మరమ్మతులు చేసే వీరాచారి విప్పి చూశాడు. లోపల నూనె మాడి బొగ్గయింది. చక్రం బిగుసుకుపోయింది. పెట్టెలోంచి రెండో చక్రం తీసి బిగించాడు.

తర్వాత సుందరమూర్తి వచ్చాడు. మహా జాగ్రత్త మనిషి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కళ్లజోడు తుడుచుకుని బయల్దేరాడు. కొండెక్కి వచ్చాడు. వచ్చీ రాగానే ఇంజను ఆపేశాడు. "రాజుగారి పెట్రోలు ఒక్క చుక్క కూడా ఊరికే కాల్చను" అన్నాడు.

కాశీం బండి మూత మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. "అయ్యా, పెనంలా కాలుతోంది."

"కాలదూ మరి? నువ్వు ఎక్కు ఆ కొండ, నీ బుర్రా అలాగే కాలుతుంది."

మర్నాడు మళ్లీ అదే కీచు, అదే నీలం పొగ. వీరాచారి మూడో చక్రం బిగించాడు. పెట్టె ఖాళీ.

"ఇదీ పోతే బండిని అద్దాల గదిలో పెట్టి తాళం వేయడమే. మా అమ్మ సముద్రం ఇక చూడదు" అన్నాడు రాజు. ఎవరూ ముందుకు రాలేదు. కాశీం వచ్చాడు.

"నీకేం తెలుసు కాశీం?"

"బండ్ల సంగతి కొంచెమే తెలుసు ప్రభూ. రొప్పే ప్రాణం సంగతి తెలుసు. పరుగెత్తిన గుర్రాన్ని తెచ్చి వెంటనే కట్టేస్తే పడిపోతుంది. మెల్లగా నడిపించి, ఊపిరి దిగాక కట్టేయాలి."

కాశీం కొండెక్కాడు, దిగాడు. కానీ ఇంజను ఆపలేదు, బండి దిగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడం వచ్చింది కానీ దిగడం నేర్చుకోలేదులే" అన్నాడు రణధీరుడు.

"దండలో పూలు వాడిపోతున్నాయయ్యా" అన్నాడు మంత్రి.

రాజే దగ్గరికి వచ్చాడు. "ఆపు కాశీం. ఇది నా ఆజ్ఞ."

"మన్నించండి ప్రభూ, రెండు నిమిషాలు. ఇప్పుడు ఆపితే మీ మాట దక్కుతుంది, బండి దక్కదు."

రాజు ముఖం బండి రంగులోకి తిరిగింది. "రేపు పొద్దున ఇది పలకకపోతే నువ్వీ రాజ్యంలో ఉండవు."

కాశీం తల వంచాడు. బండి చప్పుడు పలచబడేదాకా, లోపల నూనె తిరుగుతూ చక్రాన్ని చల్లార్చేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పి ఆపాడు.

తెల్లారగానే రాజే వచ్చి నిలబడ్డాడు. కాశీం తాళం తిప్పాడు. బండి పాలు తాగిన పిల్లిలా గుర్రుమంది. పొగ లేదు, కీచు లేదు.

అమ్మగారిని ముందు కూర్చోబెట్టారు. వెనకున్న చిట్టి సీటులో రాజుగారు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నారు. నిటారు మలుపు దగ్గర బండి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, బలం పుంజుకుని పైకి లేచింది.

పైన చూస్తే ఏముంది, అంతా తెల్లటి మంచు.

"ఏమీ కనబడదమ్మా. వెనక్కి తిప్పు కాశీం" అన్నాడు రాజు.

కాశీం చేతులు మళ్లీ ఒళ్లోనే ఉన్నాయి. అమ్మగారు నవ్వారు. "కూర్చో నాయనా. దానికి ఆయాసం తీరనీ. నాకూ తీరనీ."

కూర్చున్నారు. బండి ఊపిరి దిగుతూ ఉంటే, మంచు కూడా తెరలా పక్కకు తొలిగింది. కింద సముద్రం.

అమ్మగారు మెడ సాచి ముందుకు వంగారు. కోట గోడ మీది బొమ్మలో చూసిన సముద్రమే ఆవిడకి తెలుసు. మెల్లగా అన్నారు: "కదులుతోందే ఇది."

తిరిగొచ్చాక ఆవిడ దేవుడి గదిలోంచి పుస్తకం తెప్పించి, పసుపు తుడిచి తెరిచారు. ఆ అక్షరాలు రాకపోయినా చివరి పేజీలో బొమ్మ ఉంది. బండిలో ఒక మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇసుక గడియారం. రాజు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, తాళం కాశీం చేతిలో పెట్టాడు.

రణధీరుడు ఇప్పుడు రోజూ కాశీం పక్క సీటులో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు.

పిల్లలూ, పరుగెత్తించడం ఎవరికైనా వస్తుంది. పరుగెత్తి అలసినదాని ఊపిరి కుదుటపడేదాకా పక్కన ఓపిగ్గా కూర్చోగలిగినవాడి కోసమే అది మళ్లీ పరుగెడుతుంది.