ఎదురుగా వేసిన ఆకు

పేర్రాజు నాలుకకి రుచి తెలియకుండా పోయి తొమ్మిది రోజులైంది. కూతురి పెళ్ళి ఇంకా పన్నెండు రోజులే ఉంది.

పేర్రాజు కోనసీమలో పెద్ద పెద్ద పెళ్ళిళ్ళకి వంటలు చేసే మేస్త్రి. ఉప్పు సరిపోయిందో లేదో గుండిగ మీద ఆవిరి చూసి చెప్పేస్తాడని పేరు. అలాంటివాడికి ఇప్పుడు ఆవకాయా అటుకులూ ఒక్కటే. డాక్టరు నోరు తెరిపించి, లైటు వేసి చూసి, అంతా బాగానే ఉందన్నాడు. ఎవరితో చెప్పుకున్నా పరువు పోతుంది. చివరికి, తనకి గరిటె పట్టుకోవడం నేర్పిన భద్రాయమ్మగారి ఇంటికి బయల్దేరాడు.

ఆవిడకి ఎనభై దాటాయి. ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు మొరాయించాక పెళ్ళివంటలు మానేసింది. ఎవరి వంటకైనా ఆవిడ వంక పెట్టగా విన్నవాళ్ళు లేరు. బాగుంటే మారు వడ్డించుకునేది, లేకపోతే లేదు. అంతే.

పేర్రాజు వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో శనగపప్పు ఏరుతోంది.

"అమ్మగారూ, నా నాలుక పోయిందండి."

"మాట్లాడుతూనే ఉన్నావుగా."

"రుచి పోయిందండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఎక్కడ పోగొట్టుకున్నావో చెప్పు" అంది.

పేర్రాజు చెప్పాడు.

కాకినాడలో పెళ్ళిళ్ళ ప్రదర్శన ఒకటి పెట్టారు. పూలకి, మిఠాయిలకి, భోజనం బల్లల అలంకరణకి, వంటలకి పోటీలు. న్యాయనిర్ణేత పేర్రాజు. చొక్కాకి బ్యాడ్జీ, చేతిలో అట్ట, అట్ట మీద మార్కుల కాగితం. చెంచా కొసతో ఇంత నాలుక మీద వేసుకోవడం, మార్కులు తగ్గించడం, ముందుకి నడవడం. కాజాలో పాకం లోపలిదాకా పట్టలేదని ఒకరికి తగ్గించాడు. మల్లెలు నిన్నటివి, నీళ్ళు చల్లి నిలబెట్టారని ఇంకొకరికి తగ్గించాడు. మంచినీళ్ళ గ్లాసు చెయ్యి అందనంత దూరం పెట్టారని మరొకరికి. అన్నీ నిజాలే. ఒక్క తప్పు కూడా అతని కన్ను దాటిపోలేదు. ఒక్క బల్ల దగ్గరా కూర్చోనూ లేదు.

ఆఖరి బల్ల హాల్లో ఒక మూలన ఉంది. అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. అక్కడికి వెళ్ళేసరికి మైకు గోల వినబడడం మానేసింది. తన చెప్పుల చప్పుడు ఒక్కటే వినబడింది.

మిగతా బల్లలన్నీ చూసేవాళ్ళ వైపుకి సర్దారు. ఈ బల్ల మీద అరిటాకు మాత్రం అటువైపుకి, గోడ దగ్గరున్న కుర్చీ వైపుకి వేసి ఉంది. తినేవాడికి ఎడమ చేతి వైపు ఉండాల్సిన కొస, ఇవతల నిలబడ్డ పేర్రాజుకి కుడి వైపు కనబడింది. ఆకులో రెండు బూరెలు. వేడిగా ఉన్నాయి. ఒకావిడ అటు తిరిగి గోడకి పూలు కడుతోంది. జడలో కనకాంబరాలు.

"ఇటొచ్చి కూర్చోండి" అంది, వెనక్కి తిరక్కుండానే.

"జడ్జీలు కూర్చోరమ్మా" అన్నాడు పేర్రాజు.

నిలబడే చెంచాతో బూరె తుంచి నోట్లో వేసుకున్నాడు. కాగితం మీద రాశాడు: ఆకు తిరగేసి వేశారు. బూరెలో యాలకులు లేవు. పదికి సున్నా.

మార్కులు కూడుతున్న కుర్రాళ్ళు కాసేపటికి అతని దగ్గరికి వచ్చారు. "బల్లలు ఇరవై రెండేనండి. మీరు ఇరవై మూడింటికి వేశారు" అన్నారు. పేర్రాజు వెనక్కి వెళ్ళి చూశాడు. ఆ మూల ఒట్టి గోడ, దానికి ఆనించిన నిచ్చెన. ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చుని మొదటి ముద్ద పెట్టుకున్నాడు. మైనం నమిలినట్టుంది.

అంతా విని భద్రాయమ్మ అడిగింది. "ఆవిడ మొహం చూశావా?"

"లేదండి. వంటలు చూడ్డానికి వెళ్ళాను గానీ మనుషుల్ని కాదుగా."

"నువ్వెరిగినవాళ్ళలో యాలకులు వెయ్యకుండా బూరెలు ఎవరు చేసేవారురా?"

పేర్రాజు జవాబు చెప్పబోయి ఆగిపోయాడు.

వరాలు. అతని భార్య. పోయి మూడేళ్ళయింది. యాలకుల వాసన తగిలితే చాలు, ఆవిడకి తలనొప్పి పట్టుకునేది. పండక్కి బూరెలు వేస్తుంటే పేర్రాజు పొయ్యి దగ్గరే నిలబడి ఒకటి కొరికి, "యాలకులు లేవు" అనేవాడు. చుట్టాల ముందు కూడా అనేవాడు. వరాలు మాత్రం, "కూర్చుని తినండి" అనేది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కరోజూ కూర్చున్న పాపాన పోలేదు.

"పెళ్ళి పెట్టుకున్నావుగా. పెద్దలకి పెట్టావా?"

ఇంట్లో శుభకార్యానికి ముందు, పోయినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టి, ఆకేసి వడ్డించి, తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట కూర్చుంటారు. అది వాళ్ళ ఆనవాయితీ.

పేర్రాజు తల దించుకున్నాడు. "అక్క అడిగిందండి. ఎవరు తింటారే, ఈగలు తప్ప, అన్నాను."

భద్రాయమ్మ చేట అతని చేతిలో పెట్టింది. "లే. పూర్ణం ఉడకెయ్యి. పైపిండి రుబ్బే ఉంది."

"నేనొస్తానని తెలుసాండి?"

"తెలీదు. నిన్న ఎందుకో నానబోశాను."

పేర్రాజు పప్పు ఉడికించాడు. బెల్లం వేసి దగ్గర పడేదాకా కలిపాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటున్న చెయ్యి దానంతటదే డబ్బా తీసింది, యాలకులు దంచింది, పూర్ణంలో కలిపేసింది. కలిపాక గానీ అతనికి తెలిసిరాలేదు.

"అయ్యో! వేసేశానండి!"

"వేసేశావుగా. ఇంకేం తీస్తావు" అంది ఆవిడ.

బూరెలు వేగాయి. భద్రాయమ్మ పెట్టె తీసి కొత్తచీర ఒకటి ఇచ్చింది. పేర్రాజు గదిలో గోడ పక్కన చీర పెట్టి, దాని ముందు ఆకు వేశాడు. కొస తన ఎడమ చేతి వైపు ఉండేట్టు, శుభ్రంగా, పద్ధతిగా వేశాడు. భద్రాయమ్మ వంగలేక చేతికర్ర ఆనించి, ఆ ఆకుని మెల్లిగా చుట్టూ తిప్పింది. కొస అతని కుడి వైపుకి వచ్చింది.

"తినేది నువ్వా?" అంది.

పేర్రాజు పీట తీసుకెళ్ళి అవతల, గోడ వైపున వేశాడు. రెండు బూరెలు వడ్డించి, బొటనవేలితో చిల్లు పెట్టి నెయ్యి పోశాడు. తలుపు దగ్గరగా వేసి ఇద్దరూ అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

మిట్టమధ్యాహ్నం. వీధిలో మనిషి లేడు. పిట్టగోడ మీద కాకి అరవబోయినట్టు నోరు తెరిచింది గానీ అరవలేదు.

లోపల పీట జరిగిన చప్పుడైంది.

పేర్రాజు సగం లేచాడు. "అమ్మగారూ, భయమేస్తోందండి."

"ఇరవై రెండేళ్ళు కాపురం చేశావు కదరా. ఇప్పుడేం భయం?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కాసేపయ్యాక భద్రాయమ్మే వెళ్ళి తలుపు తోసింది. వెనక నుంచి పేర్రాజు చూశాడు. చీర పెట్టినచోటే ఉంది. బూరెలు రెండూ ఉన్నాయి. పీట మాత్రం ఇవతల ఉంది, గుమ్మం వైపున. ఆకు కొస ఇప్పుడు అతని ఎడమ చేతి వైపు ఉంది.

"కూర్చో" అంది భద్రాయమ్మ.

అతను కూర్చున్నాడు. బూరె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

ముందు నెయ్యి తెలిసింది. తర్వాత బెల్లం. తర్వాత పప్పు కమ్మదనం. తొమ్మిది రోజులుగా చచ్చిపడున్న నాలుక మీద ఒక్కొక్కటీ వచ్చి వాలింది. పేర్రాజు కళ్ళు నిండిపోయాయి. ఇంకా ఏదో రావాలన్నట్టు ఆగాడు. అది రాలేదు.

"యాలకులు లేవండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళు అన్న మాటే. ఈసారి కూర్చుని అన్నాడు.

భద్రాయమ్మ వంటింట్లోకి వెళ్ళి, అదే వాయిలో మిగిలిన బూరె ఒకటి తెచ్చి, అతని పక్కన నిలబడి విరిచింది. గదంతా యాలకుల వాసన గుప్పుమంది. ఆవిడ ఆ ముక్కలు చెంగులో వేసుకుని వాసన బయటికి పోయేట్టు కిటికీ తీసింది.

పేర్రాజు ఆకు వైపు చూశాడు. ఎదురుగా ఉన్న గోడ వైపు చూశాడు. గబగబా రెండో బూరె అందుకుని లేవబోయాడు.

భద్రాయమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

"మెల్లిగా తిను. వడ్డించినావిడ ఇంకా వెళ్ళలేదు."